3 అడుగుల ఉప్పునీటి తొట్టెకు సొంతంగా లైటు: ఏ రంగు ఎల్‌ఈడీలు ఎన్ని పెట్టాలి?

నాగావళి ఒడ్డు, శ్రీకాకుళం:

సభ్యులందరికీ నమస్కారం. మా ఇంట్లో 3 అడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అడుగున్నర ఎత్తు ఉన్న ఉప్పునీటి తొట్టె ఉంది. అందులో రెండు క్లౌన్ చేపలతో పాటు జోయాంథిడ్లు, మష్రూములు, ఒక లెదర్ కోరల్ అనే మెత్తని పగడాలు పెంచుతున్నాను. రాతి పగడాలన్నీ 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో ఉన్నాయి కనుక వాటి జోలికి వెళ్లలేదు, వెళ్లే ఉద్దేశమూ లేదు.

ఇంతకాలం గోడకు బిగించే 50 వాట్ల తెల్ల ఫ్లడ్ లైటునే వాడాను. ఎనిమిది నెలలు గడిచేసరికి ఆకుపచ్చగా ఉండే మష్రూములు గోధుమ రంగులో కనిపించసాగాయి, రాళ్ల మీద నాచు పేరుకుంది. ఇప్పుడు 3 వాట్ల ఎల్‌ఈడీలు 24 తెచ్చి, వేడిని లాగేసే అల్యూమినియం పలక (హీట్ సింకు) మీద నేనే అమర్చుకోవాలని అనుకుంటున్నాను. విడిభాగాలు అమ్మే ఒక దుకాణం వారు ‘ఫుల్ స్పెక్ట్రమ్’ పేరుతో 8 కూల్ వైట్, 6 రాయల్ బ్లూ, 4 ఎరుపు, 4 ఆకుపచ్చ, 2 వయొలెట్ తీసుకోమన్నారు. ఎండలో అన్ని రంగులూ ఉంటాయి కాబట్టి లైటులోనూ అన్నీ ఉండాలన్నది వారి వాదన. వినడానికి సబబుగానే ఉన్నా, పగడాలు బతికేది నేరుగా ఎండలో కాదు, నీటి అడుగున కదా అన్న సందేహం నన్ను వదలడం లేదు. ఏ రంగు దేనికి పనికివస్తుందో అనుభవం ఉన్నవారు వివరించగలరా?

మూడు లాంతర్లు, విజయనగరం:

నాగావళి ఒడ్డు గారూ, మీ సందేహంలోనే సగం జవాబు ఉంది. ఎండలోని ఎరుపును సముద్రపు నీరు పై కొద్ది మీటర్లలోనే పీల్చేసుకుంటుంది. తేటనీటిలో లోతుకు దిగేది నీలమే. పగడపు కణాల్లో కాపురముండే జూజాంథెల్లే అనే సూక్ష్మ శైవలాలు ఆ నీలి వెలుగుకే అలవాటుపడ్డాయి. కాంతి రంగును దాని తరంగదైర్ఘ్యంతో, అంటే నానోమీటర్లలో చెబుతారు. వాటిలోని క్లోరోఫిల్ ఎ 430 నానోమీటర్ల చుట్టుపక్కల, క్లోరోఫిల్ సి2 450 చుట్టుపక్కల, పెరిడినిన్ అనే వర్ణకం దాదాపు 470 నుంచి 550 దాకా కాంతిని బాగా గ్రహిస్తాయి. క్లోరోఫిల్ ఎకు 665 దగ్గర మరో శిఖరం ఉన్న మాట నిజమే, ఎరుపు కావాలనేవారు చూపించేదీ దాన్నే. అయితే 2014లో ప్లోస్ వన్ పత్రికలో వచ్చిన ఒక అధ్యయనంలో, ఎరుపు కాంతి మాత్రమే అందిన స్టైలోఫోరా పిస్టిల్లాటా పగడం నీలి కాంతిలో పెరిగినదానికంటే నీరసించింది. శిఖరం ఉన్నంత మాత్రాన ఆ రంగును గుప్పించాలని కాదు.

మీ 24లో 12 రాయల్ బ్లూ ఉండాలని నా అభిప్రాయం, అంటే 450 నానోమీటర్ల చిప్పులు. వాటితో పాటు 470 నానోమీటర్ల మామూలు నీలం 4, 410–420 మధ్య వచ్చే వయొలెట్ 2, మిగిలిన 6 న్యూట్రల్ వైట్ పెట్టండి. ఎరుపు, ఆకుపచ్చ విడిగా అక్కర్లేదు. తెల్ల ఎల్‌ఈడీ అంటే నిజానికి ఫాస్ఫర్ పూత పూసిన నీలి చిప్పే. ఆ పూత నుంచి ఆకుపచ్చ మొదలుకొని ఎరుపు దాకా వెలుగు వస్తుంది. 6500 కెల్విన్ కూల్ వైట్‌లో ఎరుపు పాలు బాగా తక్కువ, 4000 కెల్విన్ న్యూట్రల్ వైట్‌లో మన కంటికి చేపల నారింజ రంగు సహజంగా కనిపించేంత ఉంటుంది.

మీ మష్రూముల ఆకుపచ్చదనం పూర్తిగా పోయిందని దిగులుపడకండి. అందులో చాలా భాగం ఫ్లోరసెంట్ ప్రోటీన్లది. అవి నీలి కాంతిని పీల్చుకొని ఆకుపచ్చ కాంతిని వెదజల్లుతాయి. తెల్ల వెలుగు ముంచెత్తినప్పుడు ఆ మెరుపు కనపడదు, శైవలాల గోధుమ రంగే పైకి వస్తుంది.

చింతపల్లి తీరం, పూసపాటిరేగ:

రంగుల ఎంపికలో మూడు లాంతర్లు గారితో ఏకీభవిస్తున్నాను, కానీ తెలుపు 6 చాలన్న మాటతో కాదు. తొట్టె హాలులో ఉంటే రోజంతా దాన్ని చూసేది మనుషులే. తెలుపును విడి డ్రైవరు (ఎల్‌ఈడీలకు కరెంటును అదుపు చేసి అందించే పెట్టె) మీద పెట్టుకుంటే ఎక్కువైనప్పుడు నాబు తిప్పి తగ్గించుకోవచ్చు. తక్కువైతే మాత్రం మళ్లీ టంకం పెట్టుకొని కూర్చోవాలి. మామూలు నీలంలో 2 తగ్గించి తెలుపు 8 చేసుకోమని నా సలహా.

దయచేసి కంటిని గానీ లక్స్ మీటరును గానీ నమ్మి వెలుగు నిర్ణయించవద్దు. మన కన్ను 555 నానోమీటర్ల ఆకుపచ్చకు చూపే స్పందనలో 450 నీలానికి చూపేది సుమారు 4 శాతమే, లక్స్ మీటరును తయారు చేసేదీ ఆ కంటి కొలతతోనే. అందువల్ల నీలం మాత్రమే వెలిగించినప్పుడు తొట్టె మసకగా అనిపిస్తుంది, మనం ఇంకా పెంచుతాం, లోపల పగడం మాడిపోతూ ఉంటుంది. నేను మొదటి తొట్టెలో ఇలాగే పెంచుకుంటూ పోయి మంచి జోయాంథిడ్ల గుత్తిని తెల్లబార్చుకున్నాను. ఆ బాధ ఇప్పటికీ ఉంది. పార్ మీటరు (కిరణజన్య సంయోగక్రియకు పనికొచ్చే వెలుగును కొలిచేది) ఎవరి దగ్గరైనా ఒక్క రోజుకు దొరికితే, మీరు పెంచే మెత్తని పగడాల దగ్గర దాని రీడింగు 50 నుంచి 150 మధ్య ఉండేలా చూసుకోండి.

రంగులను గుంపులుగా పెట్టకుండా దగ్గరదగ్గరగా కలిపి అమర్చండి. దూరంగా ఉంటే ఒక్కో రాయికి ఒకవైపు నీలి నీడ, మరోవైపు పసుపు నీడ పడి చూడటానికి బాగుండదు. మన తీరప్రాంతపు ఉప్పు గాలికి టంకపు అతుకులు త్వరగా పచ్చబారతాయి కాబట్టి వాటిపై తేమ తగలకుండా కాపాడే కన్ఫార్మల్ కోటింగ్ పూయడం మరవద్దు.

పలాస సభ్యుడు:

రంగుల గురించి పెద్దలు చెప్పారు కనుక నేను వెలుగు పెంచే పద్ధతి మాత్రమే చెబుతాను. తెల్ల ఫ్లడ్ లైటుకు అలవాటుపడిన జీవాలకు ఒక్కసారిగా 12 రాయల్ బ్లూలు పూర్తి శక్తితో వెలిగిస్తే తట్టుకోలేవు. 30 శాతంతో మొదలుపెట్టి, వారానికి ఐదు శాతం చొప్పున పెంచుతూ, మష్రూములు ముడుచుకుంటే అక్కడే ఆగండి. కరెంటు చాలా రోజులు లేకపోయినా ఇదే పద్ధతి. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను మా పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఇన్వర్టరులో మిగిలిన చార్జింగును గాలి పంపుకే వాడాను. వెలుగు లేకుండా కొన్ని రోజులు గడపగలిగిన మెత్తని పగడాలు ప్రాణవాయువు లేకుండా ఒక్క రాత్రి కూడా గడపలేవు. కరెంటు వచ్చాక లైటును మళ్లీ సగం నుంచే మొదలుపెట్టాను.

నాగావళి ఒడ్డు, శ్రీకాకుళం:

అందరికీ కృతజ్ఞతలు. 12 రాయల్ బ్లూ, 2 మామూలు నీలం, 2 వయొలెట్, 8 న్యూట్రల్ వైట్ అని నిర్ణయించుకున్నాను. ఎరుపు, ఆకుపచ్చ మానేశాను. రాయల్ బ్లూలు పన్నెండూ ఒకే వరుసలో కలిపితే ఎలాంటి డ్రైవరు తీసుకోవాలి?

మూడు లాంతర్లు, విజయనగరం:

తెలుపు 8 మంచిదే, చింతపల్లి తీరం గారి మాట ఒప్పుకుంటున్నాను. ఒక్కో నీలి చిప్పు 700 మిల్లీ ఆంపియర్ల దగ్గర సుమారు 3.2 వోల్టులు తీసుకుంటుంది, పన్నెండుకు 38 పైచిలుకు. కనుక 700 మిల్లీ ఆంపియర్ల స్థిర కరెంటు డ్రైవరు, 30 నుంచి 45 వోల్టుల దాకా ఇవ్వగలిగినది, డిమ్మింగ్ ఉన్నది చూడండి. తెలుపు ఎనిమిదికి ఒకటి, మిగిలిన నాలుగింటికి మరొకటి వేరుగా పెట్టండి. నీటి పక్కన 230 వోల్టులతో పని చేస్తున్నారు కాబట్టి లైటుకు కరెంటు ఇచ్చే ముందే ఆ లైనుకు ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపేసే స్విచ్చు) పెట్టించండి.