అప్‌డేట్: పాత 60 మి.మీ. రిఫ్రాక్టర్‌కి మౌంట్ కుదిరింది

నా పాత జపాన్ రిఫ్రాక్టర్‌కి (ముందు లెన్స్ ఉండే టెలిస్కోప్; లెన్స్ వెడల్పు 60 మి.మీ., ఫోకల్ లెంగ్త్ 900 మి.మీ.) డాబా మీదికి సులువుగా మోసుకెళ్లే మౌంట్ (టెలిస్కోప్‌ని పట్టి తిప్పే స్టాండు) ఏదని ఇంతకుముందు ఇక్కడ అడిగాను కదా. కొందరు కెమెరా ట్రైపాడ్ చాలన్నారు, ఇంకొందరు ఈక్వటోరియల్ (భూభ్రమణానికి తగ్గట్టు ఒకే ఇరుసు మీద తిప్పుకునే మౌంట్) అన్నారు. చివరికి స్కై-వాచర్ ఏజెడ్5 తీసుకున్నాను. ఆల్ట్-అజిమత్ (పైకీ కిందికీ, పక్కలకీ తిరిగేది), రెండు వైపులా మెల్లగా జరపడానికి స్లో మోషన్ నాబ్‌లు, ఎదురు బరువుగా కౌంటర్ వెయిట్ అక్కర్లేదు.

ట్యూబు బరువు పెద్ద లెక్కలోది కాదండీ, పొడవే అసలు సమస్య. కెమెరా ట్రైపాడ్ మీద పెడితే ఫోకసర్ (బొమ్మను స్పష్టంగా సర్దే భాగం) ముట్టుకోగానే బొమ్మంతా ఊగిపోయేది. ఈక్వటోరియల్‌ని ధ్రువ నక్షత్రం వైపు సర్దుకోవాలి. హైదరాబాద్‌లో అది సుమారు 17 డిగ్రీల ఎత్తులోనే ఉంటుంది, మాకైతే పక్క అపార్ట్‌మెంట్ వెనకే.

9 మి.మీ. ఐపీస్ (కన్ను పెట్టి చూసే లెన్స్) పెడితే 100 రెట్లు పెద్దగా కనిపిస్తుంది. అప్పుడు కనిపించే ఆకాశం అర డిగ్రీయే, శని రెండు నిమిషాల్లో దాటిపోతాడు. నాబ్ కొద్దికొద్దిగా తిప్పుతుంటే హాయిగా మధ్యలోనే ఉంటున్నాడు. మిథున రాశిలోని కాస్టర్ అనే జంట నక్షత్రం రెండు చుక్కలుగా విడిపోయి, మధ్యలో నల్లటి సందుతో కనబడింది. ఎంత సంతోషం వేసిందో!

ట్యూబును పట్టుకునే రింగుల లోపల ఫెల్ట్ గుడ్డ అంటించమన్నవారికి ప్రత్యేకంగా థ్యాంక్స్. పాత ట్యూబు రేకు పలచన, గట్టిగా బిగిస్తే నొక్కుకుపోతుంది. ట్రైపాడ్ కాళ్లు పూర్తిగా లాగకుండా, పొట్టి స్టూలు మీద కూర్చుని చూస్తున్నాను. నడినెత్తిన ఉన్నవాటికి మాత్రం మెడ బాగా వంచాల్సి వస్తోంది, అందుకే డయాగొనల్ (చూపును పక్కకు మళ్లించే భాగం) వెతుకుతున్నాను. ఈ ఫోకసర్‌ది 0.965 అంగుళాల పాత సైజు. 1.25 అంగుళాల డయాగొనల్‌కి సరిపడే అడాప్టర్ మన దగ్గర ఎక్కడ దొరుకుతుందో తెలిస్తే చెప్పండి.