అప్‌డేట్: ‘చెక్ ఔట్’ సందేహం తీరింది

తిరుపతి లాడ్జీల్లో కౌంటర్ వాళ్లు ‘ప్లీజ్ చెక్ ఔట్ ది రూమ్’ అంటుంటారు, అది సరైనదేనా అని ఇక్కడ అడిగాను. జవాబిచ్చిన అందరికీ ధన్యవాదాలు. తేలిందేమిటంటే, ఆ మాటకు అర్థం ‘గది ఒకసారి చూడండి’ అని. గదిని ఖాళీ చెయ్యమనాలంటే ‘ఆఫ్’ (of) ఉండి తీరాలి: ‘చెక్ ఔట్ ఆఫ్ ది రూమ్’. ఆ ఒక్క మాట వదిలేస్తే తెలుగు రాని యాత్రికుడు సామాను సర్దడు, గీజరు పనిచేస్తోందా లేదా అని చూస్తాడు.

చూడడం అనే అర్థంలో ‘ఇట్’ వస్తే అది మధ్యలోకే వెళ్లాలి: ‘చెక్ ఇట్ ఔట్’. ‘చెక్ ఔట్ ఇట్’ తప్పు. జరిగిపోయినదానికి ‘చెక్డ్ ఔట్’. మనవాళ్లు అనే ‘చెక్ ఔటెడ్’ ఇంగ్లీషులో లేనే లేదు.

ఆన్‌లైన్‌లో డబ్బు కట్టే దశనూ, అమెరికా లైబ్రరీల్లో పుస్తకం ఇంటికి తీసుకెళ్లడాన్నీ ఇదే మాటతో చెబుతారు. ‘హిజ్ స్టోరీ చెక్స్ ఔట్’ అంటే ఆరా తీస్తే అతను చెప్పింది నిజమేనని తేలిందని.

బోర్డు రాయించేవాళ్లకు ముఖ్యమైనది ఇంకోటుంది. క్రియగా వాడితే రెండు మాటలు విడిగా రాయాలి, ‘చెక్‌ఔట్ టైమ్’ అన్నప్పుడు కలిపి రాయాలి. దాని పక్కనే పద్ధతి కూడా రాయించండి. 24 గంటల పద్ధతిలో రాత్రి 8కి దిగినవాళ్లకు మర్నాడు రాత్రి 8 దాకా గది ఉంటుంది. మధ్యాహ్నం 12 పద్ధతిలో అదే గది 16 గంటల్లోనే ఖాళీ చెయ్యాలి. కౌంటర్ దగ్గర గొడవలు ఎక్కువగా వచ్చేది ఇక్కడే.