వెనుక చక్రానికి వెడల్పు టైరు వేయించిన తరువాత ఎడమ పక్క రాపిడి: పరిష్కారం చెప్పగలరు

నాగావళి ఒడ్డు (శ్రీకాకుళం):
పెద్దలందరికీ నమస్కారం. నిన్న ఆదివారం ఉదయం తొమ్మిది గంటలకు మొదలుపెట్టిన పని సాయంత్రం నాలుగైనా తెమలకపోవడంతో విసిగి రాస్తున్నాను. నా బండికి వెనుక 140 (మి.మీ. వెడల్పు) టైరు వేయించాను. సెంటర్ స్టాండు మీద పెట్టి చేత్తో తిప్పితే చక్రం ఏ శబ్దమూ లేకుండా తిరుగుతోంది. నేనొక్కడినే ఏడు రోడ్ల కూడలి దాకా వెళ్లి వచ్చినా బాగానే ఉంది. మా ఆవిడ వెనుక కూర్చున్నప్పుడు ఏ స్పీడు బ్రేకరో, గుంతో తగిలితే మాత్రం ఎడమ పక్కన జర్రుమని రాపిడి వినిపిస్తోంది. దిగి చూస్తే మడ్‌గార్డు లోపల రబ్బరు పొడి కనబడుతోంది. అలైన్‌మెంటు రెండుసార్లు సరిచూశాను. మడ్‌గార్డు కోయించమని ఒకరు, సస్పెన్షన్ గట్టిపరచమని ఒకరు అంటున్నారు. పైగా సైడ్ స్టాండు మీద బండి ఇదివరకటిలా వాలకుండా నిటారుగా నిలబడుతోంది, గాలి వేస్తే కుడి పక్కకు పడిపోతుందేమోనని భయంగా ఉంది. దయచేసి తెలిసినవారు చెప్పండి.

మూడు లాంతర్లు (విజయనగరం):
ఏ బండి? 140 తరువాత ఏ అంకెలున్నాయి? రిమ్ము మీద ఏమి చెక్కి ఉంది?

విశ్రాంత గుమాస్తా:
బాబూ, రాపిడి సంగతి తరువాత చూసుకోవచ్చు గాని, ముందు ఈ పని చేయవచ్చునా లేదా అన్నది ఆలోచించావా? 1988 నాటి మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం, రిజిస్ట్రేషన్ పత్రంలోని వివరాలు తయారీదారు మొదట నిర్దేశించిన వాటికి భిన్నమయ్యేలా యజమాని తన వాహనాన్ని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే మాట తేల్చి చెప్పింది. అదే ఏడాది వచ్చిన సవరణతో అనుమతి లేని ఒక్కొక్క మార్పుకు 5,000 రూపాయల జరిమానా గాని, ఆరు నెలల దాకా జైలు గాని, రెండూ గాని పడవచ్చు. రేపు ఏదైనా ప్రమాదం జరిగితే బీమా వారు మొదట చూసేది ఇలాంటి మార్పులనే.

ఎస్.కోట ఘాటు:
గుమాస్తా గారూ, నా ఆర్.సి.లో టైరు కొలత ఎక్కడా లేదు. లేని వివరం భిన్నమెలా అవుతుంది?

విశ్రాంత గుమాస్తా:
పత్రంలో ఉందా లేదా అన్నది కాదు నాయనా, తయారీదారు ఆమోదం పొందిన నమూనాలో ఏముందన్నదే ప్రశ్న. ఆ తీర్పు పూర్తిగా చదివితే నీకే బోధపడుతుంది.

మూడు లాంతర్లు:
ఆయన అడిగింది శబ్దం గురించి. నేను అడిగిన మూడింటికీ ఇంకా జవాబు రాలేదు.

నాగావళి ఒడ్డు:
140 టైరు కోసం ఇంత తాపత్రయపడేది ఏ బండికో వేరే చెప్పనక్కర లేదనుకున్నాను, క్షమించాలి. 2014లో కొన్న రాయల్ ఎన్‌ఫీల్డ్ క్లాసిక్ 350. పాత టైరు 110/90-18, కొత్తది 140/70-17. రిమ్ము మీద 17×3.00 (అంగుళాల్లో వ్యాసం, వెడల్పు) అని ఉంది.

నరసన్నపేట నుంచి:
అన్నయ్యా, అయితే లెక్క చూద్దాం. రెండో అంకె మిల్లీమీటర్లు కాదు, వెడల్పులో శాతం. పాత టైరు గోడ ఎత్తు 110లో 90 శాతం, అంటే 99 మి.మీ. పైనా కిందా రెండు గోడలకు 18 అంగుళాల రిమ్ము కలిపితే మొత్తం వ్యాసం 655 మి.మీ. కొత్త టైరు గోడ 98 మి.మీ. అయినా, రిమ్ము ఒక అంగుళం తగ్గింది కనుక వ్యాసం 628 మి.మీ.కు దిగింది. కాబట్టి మీ బండి వెనుక భాగం ఆ తేడాలో సగం, అంటే దాదాపు 14 మి.మీ. కిందికి వచ్చింది. స్టాండు పొడవు మాత్రం అదే కనుక బండి నిటారుగా నిలబడుతోంది. టైరు ఎత్తు తగ్గింది కనుక మడ్‌గార్డు పైకప్పుకు దూరమే అయింది గాని దగ్గర కాలేదు, తగులుతున్నది టైరు భుజం, అంటే పక్క అంచు. మడ్‌గార్డు పైభాగం కోయించడం వల్ల ప్రయోజనం లేదు. ఇంకొక మాట, చుట్టుకొలత నాలుగు శాతానికి పైగా తగ్గింది గనుక అదే వేగానికి ఇంజను మరికొంచెం ఎక్కువగా తిరుగుతుంది. మీ స్పీడోమీటరు ముందు చక్రం నుంచి నడిచేదే కనుక అది తప్పు చూపించదు.

మూడు లాంతర్లు:
18 అంగుళాల చక్రం హబ్బుకు (నడుమ ఇరుసు మీద తిరిగే దిమ్మకు) 17 రిమ్ము ఎలా వచ్చింది?

నాగావళి ఒడ్డు:
అది చెప్పనే లేదు కదూ. పాత హబ్బునే ఉంచి, కొత్త స్పోకులతో ఈ రిమ్ము కట్టించాను. కట్టినతను వంకర లేకుండా చక్కగా తిరిగేలా కట్టాడు, అందులో లోపం లేదు.

మూడు లాంతర్లు:
లోపం అక్కడే ఉంది. వంకర లేకపోవడం వేరు, నడిమికి రావడం వేరు. హబ్బు రెండు చెవుల (స్పోకులు తగిలించే అంచుల) మధ్యకు రిమ్మును తెచ్చి కట్టి ఉంటారు. హబ్బు నడిమి, బండి నడిమి ఒకటే కానక్కర లేదు. పాత రిమ్ము విప్పకముందే, రిమ్ము అంచుకు హబ్బు ముఖానికి మధ్య దూరం స్కేలు పెట్టి రాసుకోవాలి. రాసుకున్నారా?

నాగావళి ఒడ్డు:
లేదు. కాని చైన్ సర్దే బిళ్లలు రెండు పక్కలా ఒకే గంటు మీద ఉన్నాయి, చైను కూడా పళ్లచక్రం మీద తిన్నగా నడుస్తోంది. అలైన్‌మెంటు సరిగ్గా ఉందన్నట్టే కదా?

ఎస్.కోట ఘాటు:
అలైన్‌మెంటు అంటేనే చక్రం మధ్యలో ఉండడం. మూడు లాంతర్లు గారు ఒక్కదానికే రెండు పేర్లు పెడుతున్నారు.

మూడు లాంతర్లు:
కాదు. పళ్లచక్రం హబ్బుతో పాటు ఉంటుంది, రిమ్ము స్పోకుల మీద వేలాడుతుంది. హబ్బు తిన్నగా ఉండి, రిమ్ము దాని మీద ఒక పక్కకు జరిగి ఉండవచ్చు.

ఎస్.కోట ఘాటు:
మా వైపు షెడ్లలో రెండింటినీ అలైన్‌మెంటు అనే అంటారు.

మూడు లాంతర్లు:
ఏ పేరుతో పిలిచినా కొలవక తప్పదు. రెండు తిన్నని చెక్క బద్దలు తీసుకొని, నేలకు జానెడు ఎత్తులో వెనుక టైరుకు ఇరుపక్కలా ఆనించి ముందు టైరు దాకా చాచండి. హ్యాండిల్ తిన్నగా ఉంచి, ముందు టైరుకు బద్దకు మధ్య ఉన్న సందు రెండు పక్కలా కొలవండి. చైనుకు, టైరుకు మధ్య ఎంత సందు ఉందో కూడా చూడండి.

నాగావళి ఒడ్డు:
కొలిచాను. ఎడమ 26 మి.మీ., కుడి 14. చైను దగ్గర నా చిటికెన వేలి గోరు మాత్రమే దూరుతోంది.

మూడు లాంతర్లు:
తేడా 12, అందులో సగం 6. రిమ్ము ఆరు మి.మీ. ఎడమకు ఉంది. ఎడమ చెవి స్పోకులు వదులు చేస్తూ, కుడి చెవి స్పోకులు బిగిస్తూ, ఒక్కో విడతకు పావు తిప్పు చొప్పున చక్రమంతా తిరిగి రండి, రిమ్ము కుడికి వస్తుంది. బిగించాక నిపిల్ (స్పోకు బిగించే నట్టు) దాటి లోపలికి పొడుచుకొచ్చిన స్పోకు కొనలను ఆకురాయితో అరగదీసి, రిమ్ము టేపు వేయకపోతే ట్యూబు నిలవదు.

నరసన్నపేట నుంచి:
ఆ అంకెల్లో ఇంకో సంగతి ఉంది. ముందు టైరు 90. దానికి 26, 14 కలిపితే 130. అంటే అన్నయ్య కొన్న 140 టైరు బండి మీద 130 మాత్రమే ఉంది. 140/70కి కనీసం 3.50 అంగుళాల వెడల్పు రిమ్ము ఉండాలి, దాని అసలు కొలత తీసేది 4.00 మీద. రిమ్ము అర అంగుళం సన్నబడితే టైరు సుమారు 5 మి.మీ. ముడుచుకుంటుంది, ఇక్కడ ఒక అంగుళం తగ్గింది. ముడుచుకున్న టైరు నడుమ కోసుగా తేలి, మలుపుల్లో బండి ఉన్నట్టుండి వాలుతుంది. అదే రిమ్ముకు 130/70 వేస్తే వెడల్పు దాదాపు ఇంతే వచ్చేది, టైరు ఆకారమూ చెడేది కాదు.

విశ్రాంత గుమాస్తా:
అదీ కాక, తయారీదారు ఇచ్చిన 110 వేసి ఉంటే ఈ చర్చే ఉండేది కాదు.

ఎస్.కోట ఘాటు:
నేను అరకు ఘాటు రోడ్డు మీద వారానికోసారి తిరుగుతాను, నాకు 120/80-18 చాలునంటారా?

నాగావళి ఒడ్డు (నాలుగు రోజుల తరువాత):
రిమ్ము కుడికి జరిపించాను. శబ్దం పోయింది. అందరికీ ధన్యవాదాలు. టైరు మాత్రం 140 దే ఉంచాను, డబ్బు పెట్టి కొన్నాక తీయడానికి మనసొప్పలేదు.

మూడు లాంతర్లు:
ట్యూబు 17దే వేశారా, పాత 18 ట్యూబునే మడిచి వేశారా?