సోమవారం కలిపిన హెచ్‌ఎంపీఏఓ మాత్రమే ఎందుకు ఫెయిలవుతోంది?

హెచ్‌ఎంపీఏఓ (మెదడు స్కాన్ వంటి వాటికి రేడియోధార్మిక టెక్నీషియం-99ఎం కలిపి ఎక్కించే మందు) కిట్‌లో, టెక్నీషియాన్ని మందుకు అంటుకునేలా చేసే స్టానస్ క్లోరైడ్ 7.6 మైక్రోగ్రాములే. అందుకే గత 24 గంటల్లో ఒకసారైనా తీసిన జనరేటర్ (టెక్నీషియం-99ఎం తయారయ్యే పరికరం) నుంచి, 2 గంటలు దాటని ఎల్యూయేట్‌నే (సెలైన్‌తో తీసిన టెక్నీషియం ద్రావణం) వాడాలి. రెండూ పాటిస్తున్నాం: సోమవారం తెల్లవారుజామున తొలి ఎల్యూషన్ (అలా తీయడం)లో వచ్చింది పక్కన పెట్టేసి, 4 గంటల తర్వాత మళ్లీ తీసి కలుపుతున్నాం. అయినా లిపోఫిలిక్ భాగం (కొవ్వులో కరిగే, స్కాన్‌కు పనికొచ్చే రూపం) 74 శాతమే. కనీసం 80 ఉండాలి. మంగళవారం అదే లాట్ 90 దాటుతోంది.

వయల్‌లోకి గాలి పోనివ్వడం లేదు. కలిపిన 2 నిమిషాలకే నాణ్యత పరీక్ష స్ట్రిప్‌లు పెడుతున్నాం కాబట్టి ఆలస్యం వల్ల విచ్ఛిన్నమైందనలేను. తొలిసారి సెలైన్ పూర్తిగా లాగక, వారాంతంలో పేరుకున్న టెక్నీషియం-99 (స్కాన్‌కు పనికిరాకపోయినా స్టానస్‌ను వాడేసే రూపం) జనరేటర్ లోపలి కాలమ్‌లోనే మిగిలిపోతోందా? తొలి ఎల్యూషన్‌కు పెద్ద వయల్ పెట్టాలా, ఆదివారం రాత్రే తీయడం మేలా? నిలకడగా పనిచేసిన పద్ధతిని శాతాలతో సహా చెప్పండి. ఇలాంటి డోసు రోగికి ఎక్కించలేం, ప్రతి సోమవారం స్కాన్ వాయిదా వేయాల్సి వస్తోంది.