సమస్య: “దూకు మనక ముందె దూకె నదియె”

నిర్వాహకుడు: విషయం ప్రాసెసర్. ‘దూకు’ అంటే వరుసలో పక్క ఆజ్ఞకు కాక వేరే చోటికి వెళ్ళమనే జంప్ ఆజ్ఞ; ఫలితం తేలకముందే ప్రాసెసర్ దారి ఊహించి దూకేస్తుంది. హొగెనక్కల్‌లో కావేరిని దూకించే పూరణలు ఈసారి చెల్లవు.

తాంబరం ఇంజనీరు:
ఫలిత మింక రాదు పాతలెక్కలఁ జూచి
దారి యొకటి యెంచి తడయకుండ
తెచ్చి విప్పి నడుపు తెలివియంత్రమ్మురా
దూకు మనక ముందె దూకె నదియె

మైలాపూరు మాష్టారు: ఆజ్ఞను తేవడం, విప్పడం, నడపడం, అంటే ఫెచ్, డీకోడ్, ఎగ్జిక్యూట్ మూడింటినీ మూడు సూర్యగణాల్లో కూర్చోబెట్టారు, భేష్! కానీ ‘తెలివియంత్రము’ తెలుగు, సంస్కృతం కలిపిన వైరిసమాసం. పైగా ఊహ తప్పితే ఆ తప్పుదారిన పైపులైనులోకి, అంటే ఆజ్ఞలు అంచెలంచెలుగా నడిచే వరుసలోకి, ఎక్కిన ఆజ్ఞలన్నీ పారబోయాలి. 2004 నాటి ప్రెస్కాట్ పెంటియం 4లో ఆ పైపు 31 అంచెలు. ఆ నష్టం పద్యంలో ఏదీ?

తాంబరం ఇంజనీరు: పాలసముద్రానికి లేని వైరం నా యంత్రానికేనా? నష్టం ‘పాతలెక్కల’లోనే ఉంది. పది చుట్లు తిరిగే ఆజ్ఞల వరుసను, అంటే లూపును, మళ్ళీ మళ్ళీ నడిపితే, కిందటిసారి దూకిందా లేదా అన్నది మాత్రమే గుర్తుంచుకునే ఒక బిట్టు లెక్క ప్రతిసారీ రెండుసార్లు తప్పుతుంది: బయటికొచ్చేటప్పుడొకసారి, మళ్ళీ లోపలికెళ్ళేటప్పుడొకసారి. రెండు బిట్లుంటే బయటికొచ్చేటప్పుడే తప్పు.

అడయారు వాసి:
దూకు వెనుక నున్న తోటి యాజ్ఞను ముందు
నడిపి పిదపఁ గాని నడువ దింక
మిప్సు చిప్పులందు మెలిక యిద్దియె గదా
దూకు మనక ముందె దూకె నదియె

నిర్వాహకుడు: యతులు కుదిరాయి, అర్థమే తిరగబడింది. మిప్సు ప్రాసెసర్లలో దూకు ఆజ్ఞ వెనకే ఉండే చోటు డిలే స్లాట్. డిలే స్లాట్‌లో దూకుమన్నాకే వెనకది నడుస్తుంది, ఆ తర్వాతే దూకుడు. మూడు పాదాలూ ఆలస్యం గురించి చెప్పి నాలుగోదాంట్లో తొందరేమిటండీ? మన ఐఐటీ మద్రాసు ‘శక్తి’ ప్రాసెసర్ అందరికీ తెరిచిన ఆజ్ఞల భాష రిస్క్-ఫైవ్‌ది, అందులో ఆ మెలికే లేదు.

మైలాపూరు మాష్టారు: అడయారువారికి దూకుళ్ళు అచ్చిరావు. మొన్నటి పూరణలో అనంతలూపుకు ‘ఈబీ సున్నసున్న’ (EB 00) అన్నారు; ఈబీ అంటే దూకు, పక్కది దూకే దూరం. ఇంటెల్ తరహా ఎక్స్86 ప్రాసెసర్లలో ఆ దూరాన్ని ఆజ్ఞ మొదటినుంచి కాదు, అది ముగిశాక వచ్చే బైటునుంచి లెక్కపెడతారు. ఆజ్ఞ రెండు బైట్లు, కాబట్టి తనమీదికే దూకాలంటే మైనస్ 2, అంటే యంత్రభాషలో EB FE, ఈబీ ఎఫ్‌ఈ. 00 పెడితే పక్క ఆజ్ఞకు తాపీగా పోతుంది.

అడయారు వాసి: ‘సున్నసున్న’ రెండు సూర్యగణాలు మాష్టారూ. ‘ఎఫ్‌ఈ’ గగం, సూర్యగణం కాదు. ఎక్కడ ఇరికించమంటారు?

తాంబరం ఇంజనీరు: ‘రెండు వెనుక’ అనండి. గలం, నగణం. గణమూ నిలుస్తుంది, లూపూ తిరుగుతుంది.