నాన్నకి ఏఎమ్‌ఎల్ (ఒక రకం బ్లడ్ క్యాన్సర్) తిరగబెట్టింది, ట్రయల్ ట్యాబ్లెట్‌కి సంతకం పెట్టమంటున్నారు, ఏం చెయ్యాలి?

ఖమ్మం పిల్ల:
అందరికీ నమస్తే. మా నాన్నకి 54 ఏళ్ళు, పోయిన దసరా ముందు ఏఎమ్‌ఎల్ అని తేలింది, హైదరాబాద్‌లో 7+3 కీమో ఇచ్చారు, రెమిషన్ వచ్చింది, అంటే జబ్బు కనపడట్లేదన్నారు, తర్వాత ఇంకో రెండు సైకిల్స్ కూడా అయ్యాయి, ఇంక బోన్ మ్యారో ట్రాన్స్‌ప్లాంట్‌కి మా బాబాయి సాంపిల్ మ్యాచ్ అవుతుందేమో చూద్దాం అనుకుంటుండగా మొన్న బోన్ మ్యారోలో మళ్ళీ బ్లాస్ట్స్ (క్యాన్సర్ కణాలు) 38 శాతం. మొదటి రిపోర్ట్‌లో ఎఫ్‌ఎల్‌టి3 ఐటీడీ అనే మ్యుటేషన్ (క్యాన్సర్ కణాల జన్యువులో మార్పు) పాజిటివ్ అని ఉంది. దానికి పనిచేసే కొత్త ట్యాబ్లెట్ ట్రయల్ నడుస్తోంది, చేరతారా అని డాక్టర్ గారు 20 పేజీల కాగితాలు చేతిలో పెట్టారు, అన్నీ ఇంగ్లీషే. అమ్మేమో "మీ నాన్న మీద ప్రయోగాలు చేస్తారంటనా" అని ఒకటే ఏడుపు. కంప్యూటర్ చీటీ తీసినట్టు తీస్తుందట, ఎవరికి ఏ మందు వస్తుందో మన చేతిలో ఉండదట. ఉత్తుత్తి మాత్ర పడితే నాన్న గతి ఏంటి? శుక్రవారం లోపు చెప్పాలి. తెలిసినవాళ్ళు చెప్పండి ప్లీజ్.

తోటమాలి:
అమ్మా, ముందు బొప్పాయి ఆకు రసం పట్టించండి, ప్లేట్‌లెట్స్ లేస్తాయి, మా పక్కింటాయనకి డెంగ్యూలో రెండ్రోజుల్లో లేచాయి. తిప్పతీగ కూడా మంచిది.

డ్యూటీలో ఉన్నా:
తోటమాలి గారూ, డెంగ్యూ వేరు ఇది వేరు, దయచేసి ఆ సలహా ఇక్కడ వద్దు. దాని సంగతి కింద చెప్తా.

పాపా, నేను హైదరాబాద్‌లో ఆరేళ్ళు ట్రయల్ కోఆర్డినేటర్‌గా చేశా. మొదట ఆ ఇంగ్లీష్ కాగితాలు వెనక్కి ఇచ్చి తెలుగు కాపీ అడుగు. బతిమాలక్కర్లేదు, 2019లో వచ్చిన క్లినికల్ ట్రయల్స్ రూల్స్ ప్రకారం పేషెంట్‌కి అర్థమయ్యే భాషలో చెప్పి, డౌట్లు అడగనిచ్చి, ఆలోచించుకోడానికి టైమ్ ఇచ్చి, అప్పుడు సంతకం తీసుకోవాలి. సంతకం చేసిన కాపీ ఒకటి మీకివ్వాలి. అందులో పేషెంట్ల హక్కులు చూసే ఎథిక్స్ కమిటీ ఫోన్ నంబర్ ఉంటుంది, సీటీఆర్‌ఐ (మన దేశంలో ట్రయల్స్ నమోదయ్యే రిజిస్ట్రీ) నంబర్ కూడా అడుగు, అది నెట్‌లో కొడితే ట్రయల్ ఏంటో, ఏయే ఊళ్ళలో జరుగుతోందో వస్తుంది. మధ్యలో ఎప్పుడైనా మానేయొచ్చు, మానేశారని మామూలు వైద్యం ఆపకూడదు. ట్రయల్ వల్ల ఏదైనా అయితే ఫ్రీగా వైద్యం చేయించాలి, నష్టపరిహారం కూడా రూల్స్‌లో ఉంది.

ఇంక అసలు భయం, ఉత్తుత్తి మాత్ర. తిరగబెట్టిన ఏఎమ్‌ఎల్‌లో మందే లేకుండా ఒట్టి చక్కెర బిళ్ళ ఇచ్చి కూర్చోబెట్టరు. ఒక అసలు ఉదాహరణ చెప్తా. గిల్టెరిటినిబ్ అని మీ నాన్నగారి మ్యుటేషన్‌కే తయారైన ట్యాబ్లెట్ ఉంది. దాన్ని పరీక్షించిన పెద్ద ట్రయల్ పేరు అడ్మిరల్, అందులో 371 మంది, అందరూ ఎఫ్‌ఎల్‌టి3 మ్యుటేషన్ ఉన్నవాళ్ళే, అందరికీ తిరగబెట్టినదో లేక మొదటి కీమోకి లొంగనిదో. 247 మందికి ట్యాబ్లెట్ వచ్చింది, 124 మందికి కీమో. ఆ కీమో కూడా ఏది ఇవ్వాలో చీటీ తీయకముందే డాక్టరే రాసి పెట్టాలి, ఫ్లాగ్-ఐడా లాంటి గట్టిదా, లేక తట్టుకోలేనివాళ్ళకి ఇచ్చే తేలికదా అని. అంటే చీటీ ఎటు పడ్డా వైద్యం ఉంది. డమ్మీ మాత్ర వాడే ట్రయల్స్ కూడా ఉంటాయి గానీ వాటిలో మామూలు మందు రెండు వైపులా ఇస్తూ దాని మీద అదనంగా ఒకవైపు అసలు మాత్ర, ఇంకోవైపు డమ్మీ కలుపుతారు. మీది ఏ రకమో ఒకే ఒక్క ప్రశ్నతో తేలుతుంది: "రెండో గ్రూపులో పడితే మా నాన్నకి ఏం ఇస్తారు?"

ఖమ్మం పిల్ల:
థ్యాంక్యూ అన్నా. ఆ అడ్మిరల్‌లో ట్యాబ్లెట్ గెలిచిందా మరి?

డ్యూటీలో ఉన్నా:
గెలిచింది, కానీ నీకు అబద్ధం చెప్పను. ట్యాబ్లెట్ వాళ్ళలో సగం మంది 9.3 నెలలు దాటారు, కీమో వాళ్ళలో సగం మంది 5.6 నెలలు. ఏడాది తిరిగేసరికి ట్యాబ్లెట్ వైపు నూటికి 37 మంది ఉన్నారు, కీమో వైపు 17 మంది. ఈ ట్రయల్ మధ్యలో చూసిన రిజల్ట్స్ మీదే 2018 నవంబర్‌లో అమెరికాలో పర్మిషన్ వచ్చింది. పేపర్లలో "అద్భుత ఔషధం" అని వేస్తారు చూడు, అది నమ్మకు, అలాగని తీసిపారేయకు. నా ఉద్దేశంలో దీని అసలు విలువ ఏంటంటే బ్లాస్ట్స్ తగ్గించి మనిషిని ట్రాన్స్‌ప్లాంట్ దాకా నడిపించడం. ఆ ట్రయల్‌లో ట్యాబ్లెట్ గ్రూపులో నూటికి పాతిక మంది ట్రాన్స్‌ప్లాంట్‌కి వెళ్ళగలిగారు, కీమోలో 15. కాబట్టి బాబాయి గారి సాంపిల్ పని ఆపకండి, ట్రయల్‌తో పాటే నడిపించండి, ట్రాన్స్‌ప్లాంట్ చేయించుకుంటే తర్వాత మళ్ళీ ఆ మందు కొనసాగిస్తారా అని కూడా అడుగు.

ఇంకోటి, మీ ట్రయల్ ఫేజ్ ఎంతో చూడు. ఫేజ్ 1 అయితే డోసు ఎంత తట్టుకుంటారో వెతుకుతున్నట్టు. గిల్టెరిటినిబ్‌కి కూడా మొదట 252 మందిలో 20 ఎంజీ నుంచి 450 ఎంజీ దాకా ఎక్కించి చూశారు, 450 దగ్గర విరేచనాలు, లివర్ ఎంజైమ్స్ ఇబ్బంది పెట్టాయి, చివరికి రోజుకి 120 దగ్గర ఆగారు. ఫేజ్ 3 అయితే ఆ వెతుకులాట అయిపోయినట్టే.

ముఖ్యంగా, ఎఫ్‌ఎల్‌టి3 టెస్ట్ ఇప్పటి సాంపిల్‌తో మళ్ళీ చేయించారా? తిరగబెట్టినప్పుడు ఈ మ్యుటేషన్ ఒక్కోసారి మాయమవుతుంది, లేనివాళ్ళకి కొత్తగా వస్తుంది. దసరా ముందు రిపోర్ట్ పట్టుకుని ఇప్పుడు మందు నిర్ణయించకూడదు.

సిరిసిల్ల మగ్గం:
చెల్లె, నేను ట్రయల్ గురించి చెప్పలేను కానీ ఆ గిల్టెరిటినిబ్ మా ఆయనకు ఏడు నెలలు నా చేత్తోనే ఇచ్చిన. చిన్నగ గుండ్రంగ లేత పసుపు బిళ్ళలు, ఒక్కోటి 40, రోజుకు మూడు ఒకేసారి. మేము రాత్రి తొమ్మిదింటికి వార్తలప్పుడు పెట్టుకున్నం, టీవీ పెడితే బిళ్ళ యాదికొస్తదని. మాత్రనే కదా, ఇంటికాడ ఉండొచ్చు అనుకున్న నేను కూడా. ఉండొచ్చు గానీ మొదటి నెల వారం వారం రక్తం, 8వ రోజు ఈసీజీ, 15వ రోజు ఈసీజీ, మళ్ళ రెండో నెల మూడో నెల మొదట్ల ఈసీజీ. ఊరి నుంచి బస్సుల తిరుగుడు కాదని చివరికి ఆస్పత్రి దగ్గర రూమ్ తీసుకున్నం. మీరు కూడా ఖమ్మం నుంచి తిరుగుడు పెట్టుకోకుండ్రి, బస్సు చార్జీలు, రూమ్ కిరాయి వాళ్ళు ఇస్తరా అని సంతకానికి ముందే అడుగు. ఆరోగ్యశ్రీ మీద ఉన్నరా? ఉంటే ట్రయల్‌ల చేరితే మిగతా ఖర్చు ఎవరిదో ఆరోగ్యమిత్ర దగ్గర కూడా అడుగు.

ఇంకో సంగతి. పన్నెండో రోజు మా ఆయనకు జ్వరం, ఆయాసం, రెండు కిలోలు బరువు పెరిగిండు, చెప్పులు పట్టలే. నేను అన్నం బాగ తింటుండు, అందుకే పెరిగిండు అని సంబరపడ్డ. నర్సమ్మ కాళ్ళు వత్తి చూసి, వేలు గుంట అట్లనే ఉంటే పరుగుపెట్టింది.

డ్యూటీలో ఉన్నా:
అక్క చెప్పింది బాగా గుర్తుపెట్టుకో పాపా. డిఫరెన్షియేషన్ సిండ్రోమ్ అంటారు, మందు పనిచేసి క్యాన్సర్ కణాలు ఒక్కసారిగా పరిపక్వమై మామూలు రక్తకణాల్లా మారుతుంటే ఊపిరితిత్తుల్లో, ఒంట్లో నీరు చేరుతుంది. డెక్సామెథసోన్ వెంటనే మొదలుపెడితే తగ్గుతుంది, లేట్ అయితే ప్రాణం మీదకొస్తుంది. ఈ జాతి మాత్రలు చాలావాటిలో వస్తుంది. ఇంట్లో బరువు మిషన్ కొనండి, రోజూ పొద్దున్నే ఒకే టైమ్‌కి రాయండి.

బొప్పాయి ఆకు సంగతి. ఈ మందులు లివర్‌లో ఒక ఎంజైమ్ దారిలో అరుగుతాయి, అదే దారిలో వెళ్ళే వేరే మందు పడితే రక్తంలో మందు లెవెల్ తారుమారు అవుతుంది. ఫంగస్‌కి ఇచ్చే పోసకొనజోల్, వోరికొనజోల్ లెవెల్ పెంచుతాయి, టీబీకి ఇచ్చే రిఫాంపిసిన్ అడుగంటిస్తుంది. ఇంగ్లీషు మందులకి లెక్క తెలుసు కాబట్టి డాక్టర్ సర్దుతారు, ఆకు రసం ఎంత తాగారో దానిలో ఏముందో ఎవరు లెక్కకడతారు? ట్రయల్‌లో ఉండి చెప్పకుండా తాగితే ఇంకా తప్పు. నాన్నకి పాత టీబీ హిస్టరీ ఉన్నా, షుగర్ బిళ్ళలు వాడుతున్నా అన్నీ చీటీ మీద రాసి తీసుకెళ్ళు.

తోటమాలి:
తెలీక చెప్పా, క్షమించు తల్లీ.

ఖమ్మం పిల్ల:
అప్‌డేట్. తెలుగు కాపీ ఇచ్చారు, అడిగితే బీరువాలోంచే తీసిచ్చారు, అంటే ముందు నుంచీ ఉంది! ఫేజ్ 3. రెండో గ్రూప్‌లో పడితే గిల్టెరిటినిబ్ ఇస్తారట, అది వినగానే అమ్మ ఏడుపు ఆగింది. ఎఫ్‌ఎల్‌టి3 మళ్ళీ పంపారు, ఇంకా పాజిటివే. నిన్న నాన్నే చదువుకుని సంతకం పెట్టాడు, మమ్మల్ని పెట్టనీలేదు. బాబాయి సాంపిల్ సోమవారం. ఒక్క డౌట్, మాత్ర వేసుకున్నాక వాంతి అయితే ఇంకోటి వెయ్యాలా?

సిరిసిల్ల మగ్గం:
మాకైతే వద్దన్నరు, మరుసటి రోజు మామూలు టైమ్‌కే. మీ నాన్న సంగతి విని సంతోషం చెల్లె. మా ఆయనను ట్రాన్స్‌ప్లాంట్ దాకా తీసుకపోయింది ఆ మందు, ఆ తర్వాతి సంగతి ఇక్కడ వద్దులే.

డ్యూటీలో ఉన్నా:
మీది ట్రయల్ మందు కాబట్టి వాంతి అయితే మీ అంతట మీరు ఏదీ వెయ్యొద్దు, టైమ్ డైరీలో రాసి కోఆర్డినేటర్‌కి ఫోన్ చెయ్యండి, రాత్రయినా పర్లేదు, దానికే ఆ నంబర్. మిగిలిన మాత్రలతో సహా ఖాళీ డబ్బా కూడా పారేయకుండా తీసుకెళ్ళండి, వాళ్ళు లెక్కపెడతారు.