జెనోవాలో రెండు రోజులు: మోకాళ్ళ నొప్పులతో తిరగగలమా?

సీతమ్మధార_అమ్మ

అందరికీ నమస్కారం. మాది వైజాగ్. మా అబ్బాయి ఇటలీలో, మిలాన్‌లో ఎమ్మెస్ చేస్తున్నాడు, ఏప్రిల్‌లో నేనూ మావారూ వెళ్తున్నాం. వాడికి క్లాసులుంటాయి కాబట్టి రెండు రోజులు మేమిద్దరమే ఎక్కడికైనా వెళ్ళి రావాలి. నేను వెనిస్ అన్నాను, ఆయన జెనోవా అంటున్నారు. ముప్ఫై ఏళ్ళు పోర్టులో ఉద్యోగం చేసి రిటైరయ్యాక కూడా ఇంకో ఓడరేవే చూడాలట, ఏం చెప్తాం! నాకు మోకాళ్ళ నొప్పులు, సింహాచలం మెట్లెక్కడం మానేసి ఆరేళ్ళయింది. ఆ ఊరు సగం కొండ మీదే ఉంటుందని మా వాడు టెన్షన్ పెడుతున్నాడు. ఇద్దరం శాకాహారులం, గుడ్డు కూడా తినం. అక్వేరియం చాలా పెద్దదంటున్నారు, చూడాలా? వెళ్ళొచ్చినవాళ్ళు కాస్త చెప్పండి.

పాత_మెరైన్_ఇంజనీర్

మేడమ్, నా ఓటు మీవారికే. ఓడల్లో పనిచేసిన రోజుల్లో నాలుగైదుసార్లు దిగాను ఆ ఊళ్ళో. కొండ గురించి భయపడకండి, అక్కడివాళ్ళూ ఎక్కలేకే ఊరంతా లిఫ్టులు పెట్టుకున్నారు. పోర్టెల్లో అనే చౌరస్తా దగ్గర సొరంగం లాంటి దారిలో కొంచెం నడిస్తే లిఫ్టు వస్తుంది, 1909 నాటిది, అది ఎక్కితే తిన్నగా కాస్టెల్లెట్టో అనే పైపేటలో దింపుతుంది. అక్కడ రెయిలింగ్ పట్టుకుని నిలబడితే కింద బూడిదరంగు పలకరాతి కప్పులు, వాటి వెనక రేవు, క్రేన్లు, ఓ చివర లాంటర్నా అనే లైట్‌హౌస్. కైలాసగిరి మీద నుంచి బీచ్ చూసినట్టు ఉండదు, ఇళ్ళ డాబాల మీద ఆరేసిన బట్టలతో సహా ఊరంతా కాళ్ళ కిందే ఉంటుంది. మీవారిని అక్కడ ఓ గంట వదిలేయండి, ఏ ఓడ ఏ బెర్తుకి వస్తోందో ఆయనే మీకు చెప్తారు.

ఇంకోటి తప్పకుండా చూడాలి. బీచ్ రోడ్డులో విశాఖ మ్యూజియంలో 1942లో జపాన్ వాళ్ళు మన ఊరి మీద వేసిన బాంబు ఉంటుంది కదా, అలాంటిదే అక్కడ సాన్ లొరెంజో చర్చిలో ఉంది. 1941 ఫిబ్రవరి 9న బ్రిటిష్ నౌకలు సముద్రం మీంచి ఊరిని కొట్టినప్పుడు ఓ గుండు చర్చి గోడ చీల్చుకుని లోపల పడింది, కానీ పేలలేదు. నల్లచారలు తెల్లచారల గుడి, లోపల కుడివైపు నడవలో ఆ ఇనప గుండు నిలబెట్టి ఉంటుంది, పక్కనే మేరీమాత దయ అని రాయి మీద చెక్కించారు. చుట్టూ అంత పాలరాయి, అన్ని బొమ్మలు ఉన్నా నాకు మాత్రం ఆ గుండే గుర్తుండిపోయింది.

మిలాన్_పిల్ల

ఆంటీ, నేను గాజువాక అమ్మాయిని, ఇక్కడ రెండేళ్ళుగా ఉంటున్నాను. మిలాన్ నుంచి రైల్లో రెండు గంటల లోపే. పియాజ్జా ప్రిన్సిపె స్టేషన్‌లో దిగండి, బ్రిన్యోలె దాకా పోకండి. లోకల్ రైలుకి కాగితం టికెట్ తీసుకుంటే ఎక్కేముందు ప్లాట్‌ఫాం మీద మెషిన్‌లో స్టాంప్ వేయించుకోవాలి, నేను మర్చిపోయి జరిమానా కట్టాను, ఏడుపొచ్చింది.

తిండికి బెంగ అక్కర్లేదు. ఫరినాతా అని శనగపిండి, నీళ్ళు, ఆలివ్ నూనె, ఉప్పు కలిపి పెద్ద రాగి పళ్ళెంలో పోసి కట్టెల పొయ్యిలో కాలుస్తారు. పైన ఎర్రగా, లోపల మెత్తగా ఉంటుంది, మన శనగపిండి అట్టుకి అక్క అనుకోండి. మిరియాలు చల్లుకుని వేడివేడిగా తినేయాలి, చల్లారితే చెప్పు తోలులా అయిపోతుంది. కొన్నిచోట్ల ఉల్లిపాయ వేస్తారు. ఫొకాచ్చా అనే మందపాటి రొట్టె కూడా బాగుంటుంది, కానీ పంది కొవ్వు వేశారేమో అడగండి. పెస్తో అని తులసి జాతి ఆకుతో నూరే పచ్చడి ఆ ఊరిదే, అయితే అందులో వేసే పార్మిజాన్ చీజ్‌ని దూడ కడుపులోంచి తీసే రెన్నెట్‌తో చేస్తారు. మీకు పట్టింపు ఉంటే చీజ్ వద్దనండి.

అక్వేరియం 1992లో కొలంబస్ ప్రయాణానికి అయిదొందల ఏళ్ళయిందని ఎగ్జిబిషన్ పెట్టినప్పుడు కట్టారు. బాగానే ఉంటుంది, కానీ పిల్లల్లేకుండా అంత డబ్బు పెట్టడం దండగ అని నా అభిప్రాయం. కొలంబస్ ఇల్లని చూపించేదీ తర్వాత మళ్ళీ కట్టిందే, బయట ఫొటో తీసుకుని వచ్చేయండి. సందులు పగలు హాయిగా ఉంటాయి, రాత్రిపూట ప్రే వీధి వైపు వద్దు, బ్యాగ్ ముందుకి వేసుకోండి. సోమవారం మ్యూజియాలు చాలావరకు మూసేస్తారు.

బీచ్‌రోడ్_బాబాయ్

గలాటా అనే ఓడల మ్యూజియం దగ్గర సబ్‌మెరైన్ చూడమని ఎవరూ అనలేదు, సంతోషం. మనకి ఆర్కే బీచ్‌లో కురుసుర ఉండగా దానికోసం ఇటలీ దాకా ఎందుకండీ.

పాత_మెరైన్_ఇంజనీర్

బాబాయ్ గారూ, కురుసుర ఇసుకలో ఉంది, నజారియో సౌరో నీళ్ళలో. తేడా మీకు తెలీదు, మేడమ్ వాళ్ళాయనకి తెలుస్తుంది 🙂 తెరిచి ఉందో లేదో మాత్రం ముందు కనుక్కోండి.

రాళ్ళ_పిచ్చి

నన్ను తిట్టుకోకపోతే ఓ శ్మశానం పేరు చెప్తాను. స్టాలియెనో, 1851లో తెరిచారు, బస్సులో వెళ్ళొచ్చు. డబ్బున్న వ్యాపారులు పెట్టించుకున్న పాలరాతి విగ్రహాలే వీధులకొద్దీ ఉంటాయి. వాళ్ళ మధ్య కాతెరీనా కాంపొదోనికో అని ఓ ముసలమ్మ. తిరనాళ్ళలో గింజలూ, తీపి రొట్టెచుట్టలూ అమ్ముకునేదట. పైసా పైసా కూడబెట్టి బతికుండగానే, 1881లో, తన విగ్రహం తనే చెక్కించుకుంది. శాలువా అంచు లేసు, జాకెట్టు మీద అల్లికలు, చేతిలో గింజల దండలు, ఒక్కోటీ లెక్కపెట్టొచ్చు. సముద్రమంతా వ్యాపారం చేసిన సేట్ల బొమ్మల ముందు ఎవరూ ఆగరు, ఈవిడ దగ్గర గుంపు. దారి చాలావరకు చదునే, కానీ పైభాగానికి మెట్లున్నాయి, కింది వరండాలతో సరిపెట్టుకోండి.

పాత మేడలుండే గరిబాల్ది వీధి కూడా చదునే. 1576 నుంచి ఆ ఊళ్ళో ఓ పద్ధతి ఉండేది, రాజులో రాయబారులో వస్తే సర్కారు సత్రంలో పెట్టకుండా జాబితాలో ఉన్న మేడలవాళ్ళలో చీటీలో పేరొచ్చినవాళ్ళే బస ఇవ్వాలి. అంటే చుట్టాలని పెద్దింటి మీదకి తోలెయ్యడం అన్నమాట! వాటిలో 42 మేడలు ఇప్పుడు యునెస్కో జాబితాలో ఉన్నాయి.

సీతమ్మధార_అమ్మ

అందరికీ చాలా థాంక్స్. వెనిస్ వదిలేశాను. మొదటిరోజు లిఫ్టు, గుండు, శనగపిండి అట్టు, రెండోరోజు ఆ గింజలావిడ. ఇదంతా మావారికి చదివి వినిపిస్తుంటే మధ్యలో ఆయన ఫోన్‌లో లాంటర్నా గురించి వెతికారు. 1543లో కట్టారట, 77 మీటర్లు, జనాన్ని 172 మెట్ల దాకా ఎక్కనిస్తారట. "అంతేనా, ఎక్కేస్తా" అంటున్నారు. పోయిన వారం మా అపార్ట్‌మెంట్‌లో లిఫ్టు ఆగిపోతే మూడో అంతస్తుకి వచ్చేలోపు రెండుసార్లు కూర్చున్న మనిషి. ఇంజనీర్ గారూ, మీరే ఏదో ఒకటి చెప్పి ఆపండి బాబూ.